కబ్బాలా విద్యలో గురువు, గోష్ఠి, అధికారం

ప్రశ్నోపనిషత్తు ఆరుగురు జిజ్ఞాసువులతో ఆరంభమవుతుంది. సమిత్పాణులై తన వద్దకు వచ్చిన ఆ ఆరుగురికీ పిప్పలాద మహర్షి వెంటనే ఉపదేశం చేయలేదు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం తన సన్నిధిలో నివసించి, ఆ తరువాత ప్రశ్నించవలసిందిగా ఆదేశించారు. ఈ చిన్న ఘట్టంలో అధ్యాత్మవిద్యకు ఆవశ్యకమైన మూడు అంగాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి గురువు, రెండవది సహాధ్యాయుల గోష్ఠి, మూడవది అధికారం. ఈ మూడింటినీ గురించి రెండు సహస్రాబ్దుల పాటు తీవ్రంగా విచారించిన మరొక ప్రాచీన జాతి యూదులు. వారి రహస్యవిద్యకు కబ్బాలా అని పేరు.

నేడు ఈ పదం మన జిజ్ఞాసువుల చెవిన కూడా తరచుగా పడుతున్నది. అనువాద గ్రంథాలు సులభంగా లభిస్తున్నాయి, బోధిస్తామనే వారూ తారసపడుతున్నారు. అందువల్ల ప్రారంభకులలో సహజంగా కొన్ని సందేహాలు ఉదయిస్తాయి. గ్రంథాన్ని స్వయంగా చదివితే చాలదా? నలభై ఏళ్లు నిండనిదే చదవరాదన్న మాట నిజమా? ఏకాంతసాధనకు బదులు సమూహం ఎందుకు? ఇంత గోప్యత దేనికి? అన్యమతస్థులు దీనిని అభ్యసించవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానాలను ఆ సంప్రదాయ చరిత్రలోనే అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నామార్థం

హీబ్రూ భాషలో కబ్బాలా అంటే స్వీకరింపబడినది అని అర్థం. స్వీకరించుట అనే ధాతువు నుండి ఈ శబ్దం నిష్పన్నమైనది. మన సంప్రదాయ శబ్దం ఇచ్చేవాని వైపు నుండి చూస్తే, కబ్బాలా శబ్దం పుచ్చుకొనేవాని వైపు నుండి చూస్తుంది. క్రియ ఒక్కటే. ఒకరు ఇవ్వనిదే మరొకరు స్వీకరించలేరు కనుక, గురువు ఆవశ్యకత ఆ విద్య నామధేయంలోనే నిక్షిప్తమై ఉన్నది.

అధికార విచారం

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన యూదుల ధర్మసంహిత మిష్నా. అందులోని హగీగా అనే ప్రకరణం మూడు విషయాల బోధనకు పరిమితులు విధించినది. నిషిద్ధ సంబంధాల విషయం ముగ్గురి ఎదుట, సృష్టిరహస్యం ఇద్దరి ఎదుట బోధింపరాదు. యెహెజ్కేల్ ప్రవక్త దర్శించిన దివ్యరథ రహస్యమైతే ఒక్కని ఎదుట కూడా బోధింపరాదు. అయితే ఆ ఒక్కడు ప్రాజ్ఞుడై, స్వబుద్ధితో గ్రహింపగలవాడైతే మాత్రం నిషేధం లేదు. విషయం సూక్ష్మమయ్యేకొద్దీ శ్రోతల సంఖ్య తగ్గుతూ వచ్చినదని గమనించాలి. సంఖ్య పెరిగితే ఒక్కొక్క శిష్యుని అవగాహనను పరీక్షించే అవకాశం గురువుకు సన్నగిల్లుతుంది. అపార్థం ఒకసారి నాటుకుంటే దానిని పెరికివేయడం దుష్కరం.

ఈ భయానికి ఆలంబనంగా తల్మూద్ ఒక కథను సంరక్షించినది. నలుగురు పండితులు పర్దేస్ అనే ఉద్యానంలో ప్రవేశించారు. బెన్ అజ్జాయ్ దర్శించి మరణించాడు. బెన్ జోమా దర్శించి మతి చలించినవాడయ్యాడు. ఎలీషా బెన్ అబూయా మొక్కలను నరికివేశాడు, అనగా ధర్మభ్రష్టుడయ్యాడు. రబ్బీ అకివా ఒక్కరే క్షేమంగా ప్రవేశించి క్షేమంగా నిష్క్రమించారు. ఆ నలుగురిలో ఏ ఒక్కరూ సామాన్యులు కారు. పాండిత్యం ఒక్కటే రక్షించలేదన్నదే ఈ కథ చేసే హెచ్చరిక.

వ్రాయవచ్చునా, వ్రాయరాదా?

పన్నెండవ శతాబ్ది చివరి భాగంలో దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతంలో కబ్బాలా ఒక స్పష్టమైన విద్యాపరంపరగా వెలసినది. అక్కడి ప్రధానాచార్యులలో ఒకరు రబ్బీ ఇస్హాక్. వారు అంధులు. యూదులు వారిని ఆ పదంతో పిలువక, మహాతేజస్వి అనే అర్థం గల సగీ నహోర్ అనే బిరుదుతో స్మరించారు. దృష్టిహీనులైన విద్వాంసులను ప్రజ్ఞాచక్షువులని మనం గౌరవించడం ఇక్కడ స్ఫురణకు రాక మానదు.

వారి విద్య స్పెయిన్‌లోని హెరోనా నగరానికి ప్రసరించినది. అక్కడి శిష్యులు ఉత్సాహంతో గ్రంథాలు రచింపసాగారు, బహిరంగంగా ప్రస్తావింపసాగారు. ఇది విన్న ఇస్హాక్ ఆచార్యులు వారికి ఒక లేఖ పంపి తమ అసమ్మతిని తెలియజేశారు. వ్రాసినది మరి మన అధీనంలో నిలవదని, అది ఎవరి చేతిలోనైనా పడవచ్చునని వారి ఆవేదన. ఆ హెరోనా నగరానికే చెందిన మహాపండితుడు నహ్మనిదీస్ (1194-1270). వారు తమ తోరా వ్యాఖ్యానంలో రహస్యార్థాలను సూచనప్రాయంగా మాత్రమే నిక్షేపించారు. తెలిసిన గురువు నోట గ్రహణశక్తి గల శిష్యుడు వింటేనే ఆ సూచనలు బోధపడతాయని, సొంత ఊహతో వాటికి అర్థాలు కల్పించుకోవద్దని ఉపోద్ఘాతంలోనే పాఠకుణ్ణి హెచ్చరించారు.

గ్రంథపఠనం చాలదా అన్న ప్రారంభకుని ప్రశ్నకు ఇదే తొలి సమాధానం. ఆ గ్రంథాలను రచించినవారే అవి స్వయంసంపూర్ణాలని భావించలేదు. మన సూత్రగ్రంథాల వలె అవి కూడా ముఖతః వ్యాఖ్యానాన్ని అపేక్షించి వ్రాసినవే.

జోహర్ చూపిన గోష్ఠి

పదమూడవ శతాబ్ది చివరి దశకాలలో కాస్టీల్ రాజ్యంలో జోహర్ అనే మహాగ్రంథం వెలుగులోకి వచ్చినది. ఆ పేరుకు తేజస్సు అని అర్థం. సంప్రదాయం దీనిని రెండవ శతాబ్దికి చెందిన రబ్బీ షిమోన్ బార్ యోహాయ్ ప్రవచనంగా భావిస్తుంది. ఆధునిక పరిశోధకులు మాత్రం దీని రచనను ప్రధానంగా 1305లో మరణించిన మోషే దె లియోన్‌కు, ఆయన చుట్టూ ఉన్న పండితవర్గానికి ఆపాదిస్తారు.

కర్తృత్వ వివాదం ఎట్లున్నా, ఈ గ్రంథ స్వరూపం మన విషయానికి ముఖ్యం. ఇది శుష్కమైన శాస్త్రనిరూపణ వలె సాగదు. షిమోన్ ఆచార్యులు, వారి సహచరులు గలిలయ ప్రాంతపు దారుల వెంట నడుస్తూ, చెట్ల నీడన విశ్రమిస్తూ, అర్ధరాత్రి లేచి తోరా వాక్యాలను విచారిస్తూ ఉంటారు. ఒకరు చెప్పిన అర్థంపై మరొకరు ఇంకొక అర్థాన్ని వికసింపజేస్తారు. దారిలో కనిపించిన గాడిదలు తోలేవాడు కూడా ఒక్కొక్కప్పుడు మహాజ్ఞానిగా తేలుతాడు. సహచరుల పరస్పర ప్రేమయే రహస్యద్వారాలను తెరుస్తుందన్న భావన ఆ గ్రంథంలో అడుగడుగునా కనిపిస్తుంది. తరువాతి తరాల సాధకులు ఈ చిత్రాన్నే ఆదర్శంగా గ్రహించారు.

సఫేద్ నగరం

1492లో స్పెయిన్ పాలకులు యూదులను దేశం నుండి బహిష్కరించారు. ఆ నిర్వాసితులలోను, వారి సంతతిలోను అనేకులు క్రమంగా ఒట్టోమాన్ సామ్రాజ్యంలోని గలిలయ పర్వతాలపై ఉన్న సఫేద్ పట్టణానికి చేరారు. పదహారవ శతాబ్దిలో ఆ చిన్న పట్టణం కబ్బాలాకు కాశీక్షేత్రం వంటిదైనది. యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన షుల్హాన్ ఆరూఖ్ రచయిత యోసెఫ్ కారో (1488-1575) అక్కడే నివసించారు. ధర్మశాస్త్రకోవిదుడు, రహస్యసాధకుడు వేర్వేరు వ్యక్తులుగా ఉండనవసరం లేదని ఆయన జీవితమే నిరూపించినది.

కారో వద్ద ధర్మశాస్త్రం అభ్యసించి, షెలోమో అల్కబెత్స్ వద్ద కబ్బాలా నేర్చినవారు మోషే కొర్దొవేరో (1522-1570). ఇరవై ఏళ్ల ప్రాయంలో ఈ విద్యలో ప్రవేశించి, 1548 నాటికే పర్దేస్ రిమోనీమ్ అనే బృహద్గ్రంథాన్ని ముగించారు. అనంతరం ప్రారంభకుల కోసం ఓర్ నెఎరావ్ అనే చిన్న ప్రవేశగ్రంథం రచించారు. ఈ విద్యను నిరాకరించేవారి ఆక్షేపాలకు సమాధానం, అభ్యాసం యొక్క ఆవశ్యకత, అభ్యసించవలసిన పద్ధతి, దాని ప్రయోజనం అందులోని విషయాలు. ముందుగా తోరా, మిష్నా, తల్మూద్‌లలో కనీస పరిచయం సంపాదించిన తరువాతనే ఇందులో అడుగిడాలన్నది వారి మతం.

కొర్దొవేరో తమ సహచరుల కోసం కొన్ని ఆచారనియమాలను కూడా ఏర్పరిచారు. కోపాన్ని విడనాడాలి. ఏ ప్రాణినీ, జంతువును సైతం, నిందింపరాదు. ప్రతిదినం ఒక సహచరునితో భక్తివిషయాలు ముచ్చటించాలి. వారాంతంలో, సబ్బాత్ ప్రవేశానికి ముందు, గడచిన వారంలో తాను చేసిన పనులను అదే సహచరుని ఎదుట సమీక్షించుకోవాలి. ఈ నియమాలలో దివ్యలోకాల వర్ణన లేశమైనా లేదు. సమూహం ఎందుకన్న ప్రశ్నకు ఇవే సమాధానం చెబుతాయి. ఏకాంతంలో మనిషి తనను తాను సులభంగా మోసగించుకోగలడు. తన కోపాన్ని తేజస్సుగా, ఆలస్యాన్ని వైరాగ్యంగా భ్రమింపగలడు. ప్రతి వారం మరొకరి ఎదుట లెక్క ఒప్పజెప్పవలసి వచ్చినప్పుడు ఆ భ్రమలు నిలువవు.

లూరియా, విటాల్

1570లో ఈజిప్టు నుండి సఫేద్‌కు వచ్చిన ఇస్హాక్ లూరియా (1534-1572) అక్కడ బోధించిన కాలం రెండు సంవత్సరాలకు మించలేదు. మహమ్మారి సోకి 38వ ఏట దివంగతులయ్యారు. వారు స్వహస్తంతో వ్రాసినది అత్యల్పం. ఆ బోధ శిష్యుల స్మృతిలోను, ముఖ్యంగా హయ్యీమ్ విటాల్ (1542-1620) రచనలలోను నిలిచినది. అనంతుడైన భగవంతుడు సృష్టికి అవకాశం కల్పించడానికై తనను తాను సంకోచింపజేసుకొనుట, దివ్యతేజస్సును ధరించలేక పాత్రలు భగ్నమగుట, చెల్లాచెదరైన ఆ తేజఃకణాలను మానవుడు సత్కర్మలతో తిరిగి ఉద్ధరించుట అనే మూడు భావాలు ఆ దర్శనానికి మూలస్తంభాలు.

ఆ శిష్యగోష్ఠిలో ఒక నియమం ఉండేది. ప్రాతఃకాల ప్రార్థనకు ముందు ప్రతి ఒక్కరూ పొరుగువానిని తనవలె ప్రేమించవలెనన్న తోరా ఆజ్ఞను సంకల్పపూర్వకంగా స్వీకరించాలి. సహచరులంతా ఒకే శరీరపు అవయవాలని భావించాలి. ఒకరికి రోగమో దుఃఖమో కలిగితే అందరూ దానిని తమదిగా భావించి ప్రార్థించాలి. తేజఃకణాల ఉద్ధరణ అనే మహాసంకల్పం ఆ గోష్ఠిలో పక్కనున్న సహచరుని బాధతోనే ప్రారంభమయ్యేది.

లూరియా నిర్యాణానంతరం 1575లో పన్నెండుమంది శిష్యులు ఒక ప్రతిజ్ఞాపత్రంపై సంతకాలు చేశారు. విటాల్‌ను గురువుగా అంగీకరిస్తామని, వెల్లడించడానికి ఆయన ఇష్టపడని విషయాల కోసం ఒత్తిడి చేయబోమని, విన్నవాటిని గోప్యంగా ఉంచుతామని దాని సారాంశం. అయినా ఆ కట్టడి చిరకాలం నిలువలేదు. విటాల్ తీవ్రమైన అస్వస్థతలో ఉన్నప్పుడు ఆయన వ్రాతప్రతులను కొందరు రహస్యంగా నకలు చేయించారని సంప్రదాయం చెబుతుంది. కాలక్రమంలో లూరియా సిద్ధాంతం గురుముఖం లేకుండానే దేశదేశాలకు వ్యాపించినది. జోహర్ అప్పటికే 1558-1560 మధ్య ఇటలీలోని మాంటువా, క్రెమోనా నగరాలలో ముద్రితమై ఉన్నది. ముద్రించడం ధర్మమా కాదా అని ఇటలీ రబ్బీల మధ్య ఘోరమైన వాదం కూడా నడిచినది.

నలభై ఏళ్ల నియమం

1665లో స్మిర్నాకు చెందిన షబ్బతాయ్ త్స్వీ అనే వ్యక్తిని మెస్సీయగా, అనగా రాబోవలసిన రక్షకునిగా, గాజాకు చెందిన నాథన్ ప్రకటించాడు. నాథన్ లూరియా కబ్బాలాలో నిష్ణాతుడు. ఆ పరిభాషతోనే తన ప్రకటనను సమర్థించాడు. యెమెన్ నుండి ఆమ్‌స్టర్‌డామ్ వరకు యూదసమాజాలు ఉప్పొంగిపోయాయి. కొందరు ఆస్తులు విక్రయించి ప్రయాణానికి సిద్ధమయ్యారు. 1666 సెప్టెంబరులో ఒట్టోమాన్ సుల్తాను ఎదుట ఆ రక్షకుడు ప్రాణభీతితో ఇస్లాం స్వీకరించాడు. ఆ ఆశాభంగం కలిగించిన గాయం తరతరాలు మానలేదు. మిగిలిన అనుయాయులలో కొందరు, ధర్మోల్లంఘనమే మోక్షమార్గమనే విపరీత సిద్ధాంతానికి దిగజారారు. పద్దెనిమిదవ శతాబ్దిలో యాకోబ్ ఫ్రాంక్ వర్గం ఆ ధోరణిని మరింత ముందుకు తీసుకుపోయినది.

ఈ నేపథ్యంలోనే 1756లో బ్రోడీ నగరంలో సమావేశమైన రబ్బీలు ఒక శాసనం చేశారు. ముప్పై ఏళ్లు నిండనివారు జోహర్‌ను, నలభై ఏళ్లు నిండనివారు లూరియా గ్రంథాలను చదువరాదని దాని తాత్పర్యం. నలభై ఏళ్ల ప్రస్తావన అంతకు పూర్వమూ ధర్మశాస్త్ర వ్యాఖ్యానాలలో ఉన్నది. కాని దానికి నిర్బంధబలం చేకూర్చినది ఈ విపత్తే. లూరియా స్వయంగా నలభై ఏళ్లు చూడలేదు. కొర్దొవేరో ఇరవై ఏళ్లకే ఆరంభించారు. కనుక వయోనియమాన్ని ఆ విద్య సహజలక్షణంగా భావించనవసరం లేదు. ముప్పై రెండేళ్లకే అవతారం చాలించారని మనం చెప్పుకొనే శంకర భగవత్పాదుల ఉదాహరణ మనకూ ఉన్నది. అయితే ఆ నియమాన్ని ఎగతాళి చేయడమూ తగదు. అది మహాసంక్షోభంలో దగ్ధమైన ఒక సమాజం వేసుకొన్న కంచె.

బేత్ ఎల్ ప్రతిజ్ఞ

ఆ భయం ఆవరించిన కాలంలోనే ఒక ప్రశాంతమైన గోష్ఠి యెరూషలేములో నెలకొన్నది. 1737లో గెదలియా హయోన్ స్థాపించిన బేత్ ఎల్ విద్యాపీఠం అది. యెమెన్ నుండి వచ్చిన షాలోమ్ షరాబీ (1720-1777) అనంతరకాలంలో దానికి అధ్యక్షులయ్యారు. ఆయన తొలుత అక్కడ సేవకునిగా చేరి, పండితులు తేల్చలేకపోయిన సందేహాలకు సమాధానాలు వ్రాసి గ్రంథాల మధ్య గోప్యంగా ఉంచేవారని ఐతిహ్యం.

పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో ఈ వర్గానికి చెందిన పన్నెండుమంది ఒక మైత్రీపత్రం వ్రాసుకొన్నారు. పరస్పరం ప్రేమించుకొంటామని, ఒకరి పుణ్యంలో మరొకరికి భాగం ఇస్తామని, పరలోక ఫలాన్ని సైతం పంచుకొంటామని ప్రతిజ్ఞ చేశారు. అందులో ఆశ్చర్యకరమైన షరతు మరొకటి ఉన్నది. తమలో ఒకరు అధికులని అందరికీ తెలిసినా ఒకరినొకరు పొగడుకోరాదు, లేచి నిలుచుండే మర్యాదలను మితిమీరి పాటింపరాదు. గురుభక్తి వ్యక్తిపూజగా వికృతమైతే కలిగే అనర్థాన్ని షబ్బతాయ్ ఉదంతంలో చూచిన తరాలకు వారసులైనవారి వివేకం ఇది.

గోప్యతయా, ప్రకటనమా?

మన సంప్రదాయంలో ఈ సంఘర్షణకు ప్రతీక తిరుక్కోట్టియూర్ ఘట్టం. గురువు గోప్యంగా ఉంచమన్న మంత్రార్థాన్ని శ్రీరామానుజులు జనులందరి ఉద్ధరణ కోరి వెల్లడించారని, దానివలన నరకం ప్రాప్తించినా సమ్మతమేనన్నారని గురుపరంపరా కథనం. యూదులలోనూ ఈ కారుణ్యధార ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దిలో యెహూదా అష్లాగ్ (1885-1954) జోహర్‌కు సులామ్ అనే విస్తృత హీబ్రూ వ్యాఖ్యానం రచించి, ఈ విద్య అందరికీ అందవలసిన కాలం వచ్చినదని వాదించారు. ఆ పేరుకు నిచ్చెన అని అర్థం. మరొక వైపు గెర్షోమ్ షోలెమ్ (1897-1982) యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో దీనిని చారిత్రక పరిశోధనాంశంగా ప్రతిష్ఠించారు.

ఇద్దరి వలనా తలుపులు తెరుచుకొన్నాయి. అయితే అష్లాగ్ సైతం గోష్ఠిని వదలలేదు. సహచరుల మధ్య స్వార్థాన్ని జయించి ప్రేమను అభ్యసించడమే ఆయన మార్గంలో ప్రధానాంగం. గోప్యత సడలినా గోష్ఠీధర్మం సడలలేదు.

మనకు దీనితో ఏమి?

అన్యులు దీనిని అభ్యసించవచ్చునా అన్న ప్రశ్నకూ చరిత్ర ఉన్నది. ఇటలీ దార్శనికుడు పికో దెల్లా మిరాందోలా 1486లో ప్రకటించిన 900 ప్రతిపాదనలలో కబ్బాలాను క్రైస్తవసత్యానికి సాక్ష్యంగా వినియోగించాడు. జిజ్ఞాస నిజమైనదే అయినా, ఆ విద్యను దాని స్వక్షేత్రం నుండి పెకలించి తన సిద్ధాంతానికి దాసిగా చేయడం జరిగినది. మనమూ అదే దోషానికి లోనుకాగలం. వారి ఏన్ సోఫ్ మన నిర్గుణబ్రహ్మమేనని, వారి దశ సెఫీరోత్ మన షట్చక్రాలేనని ఒక్క మాటలో తేల్చివేయడం సులభం. అనంతమనే అర్థం గల ఏన్ సోఫ్ భావనలో నేతివాదపు ఛాయ ఉన్నమాట వాస్తవం. కాని కబ్బాలా సాధకునికి సబ్బాత్ పాలన, తోరా ఆజ్ఞలు, హీబ్రూ అక్షరాలు విద్య యొక్క దేహమే. శ్రీవిద్యను దీక్ష లేకుండా, ఆచారం లేకుండా పుస్తకం నుండి గ్రహించిన విదేశీయుడు ఎంతవరకు గ్రహించినట్లో, ఆజ్ఞాపాలన లేని కబ్బాలా పాఠకుడూ అంతే. సాదరంగా చదువవచ్చు, చరిత్రను తెలుసుకోవచ్చు, ప్రేరణ పొందవచ్చు. అధికారిని అని మాత్రం చెప్పుకోరాదు. కొచ్చి నగరంలో సమాధి చెంది, అక్కడి యూదుల పూజ్యభావానికి పాత్రుడైన కబ్బాలా కవి నెహెమియా మోతా వంటివారు భారతభూమిపైనే ఆ ఆచారంతోనే జీవించారన్నది స్మరణీయం.

గురువును వెదకే ప్రారంభకునికి ఈ చరిత్ర కొన్ని గీటురాళ్లను అందిస్తుంది. ఆ ఆచార్యుడు తాను ఎవరి వద్ద స్వీకరించాడో చెప్పగలడా? మూలగ్రంథాల వైపు నడిపిస్తాడా, తనవైపే త్రిప్పుకొంటాడా? ఐశ్వర్యమో ఆరోగ్యమో సిద్ధిస్తుందని తాయెత్తులు, దారాలు విక్రయిస్తున్నాడా? ఆ గోష్ఠిలో కోపం తగ్గుతున్నదా, అహంకారం పెరుగుతున్నదా? ప్రశ్నించేవానికి అక్కడ స్థానం ఉన్నదా? విటాల్ తమ షఅరే కెదూషా అనే గ్రంథంలో సద్గుణాలు ఆజ్ఞలన్నింటికీ పునాది వంటివని, అందుచేతనే దుర్గుణాల విషయంలో ఆజ్ఞల కంటే అధికంగా జాగరూకత వహించాలని బోధించారు. శమదమాదులు లేనిదే బ్రహ్మజిజ్ఞాస లేదన్న మన ఆచార్యుల నిర్ణయానికి ఇది ఎంత సన్నిహితమో వేరుగా చెప్పనక్కరలేదు.

పిప్పలాదుడు విధించిన ఆ ఒక్క సంవత్సరం ఆరుగురికీ కలిసి గడచినది. వారిలో ఒకరి ప్రశ్నకు లభించిన సమాధానం మిగిలిన ఐదుగురూ విన్నారు. సఫేద్ సహచరులు, యెరూషలేము ప్రతిజ్ఞాబద్ధులు కోరుకొన్నదీ ఆ భాగ్యమే. పరదేశపు విద్యను తెలుసుకొన్న సాధకుడు తన ఊరిలోని సత్సంగంలో పక్కన కూర్చున్నవాని పేరు, కష్టం, ప్రశ్న తనకు తెలుసునా అని ఒక్కసారి విచారించుకొంటే, ఈ పఠనం సార్థకమైనట్లే.

ఇతి శమ్.